గండి పడింది ఒకచోట, మీరు తవ్వేది గట్టంతా

కస్టమర్ సర్వీస్ అధిపతి గారికి,

అమలాపురం నుంచి ఒక ఫొటో స్టూడియో యజమాని నమస్కరించి రాయునది.

పేరుతో మీకు పనిలేదు, టికెట్ నంబరుంటే చాలంటారు కదా. నా దగ్గర అయిదున్నాయి, ఏది కావాలో ఏరుకోండి. అయిదూ ‘పరిష్కారమైంది’ అని మూసేసినవే.

ఫొటోలూ వీడియోలూ దాచుకోడానికి మీ దగ్గర కొన్న రెండు డిస్కుల స్టోరేజీ బాక్సు గొడవ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు ఉండాలి. ఏ భాగంలో రాయబోతోందో ముందుగా చిట్టాలో గుర్తు పెట్టుకుని, రెండింట్లోనూ పడ్డాక ఆ గుర్తు చెరిపెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే గుర్తున్న భాగాలు మాత్రం సరిచూసుకుంటే సరిపోతుంది. సంక్రాంతి ముందు మీరు పంపిన అప్‌డేట్‌తో ఆ చిట్టా రాయడం మానేసింది. ఇక కరెంటు పోయిన ప్రతిసారీ 4 టీబీ డిస్కు మొదట్నుంచి చివరిదాకా మళ్లీ కాపీ. సెకనుకు 120 ఎంబీ చొప్పున లెక్కేసుకోండి, 9 గంటల పైమాటే. గోదారి గట్టుకు గండి పడితే మేం పడినచోట ఇసుక బస్తాలేస్తాం. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా గట్టంతా తవ్వి మళ్లీ పొయ్యం.

అది పోనీండి. యంత్రమన్నాక చెడుతుంది. మనుషుల సంగతే చెప్పాలి.

మొదటి అమ్మాయి ఎంత మర్యాదో! ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మూడుసార్లు చింతించి, ప్లగ్ పీకి పది నిమిషాలాగి పెట్టమంది. ఎడిటింగ్ నడుస్తోందమ్మా అన్నాను. పర్లేదు సార్ అంది. పీకాను. అప్పుడే పూర్తయిన కాపీ మళ్లీ సున్నా నుంచి మొదలైంది. రోగం ఎలా వస్తుందో నా చేతే తెప్పించి చూపించారన్నమాట.

రెండో ఆయన పచ్చలైటు వెలుగుతోందా అన్నాడు. వెలుగుతోందన్నాను. అయితే డిస్కులు బాగున్నట్టే అని పెట్టేశాడు. పోయాయని నేనెప్పుడన్నాను? మూడో ఆయన యూపీఎస్ కొనమన్నాడు. ఉందండీ. మా కరెంటు కోతల ముందు దాని ఓపికెంత?

నాలుగోసారి ‘సీనియర్ టీమ్ 48 గంటల్లో ఫోను చేస్తుంది’ అన్నారు. చేశారట, నేనే ఎత్తలేదట. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బాజాల హోరు మధ్య కెమెరా భుజానేసుకుని ఉంటే ఒక్క రింగిచ్చారు. ఆరోజు మావాళ్లు దేవుడి ప్రతిమ నిలిపిన అంతెత్తు ప్రభను భుజాల మీద మోసుకుంటూ, నీళ్లలో దిగి కౌశిక దాటించారు. మీరు ఒక టికెట్టును ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి దాటించలేకపోయారు.

అయిదోసారి ఎత్తినాయన సమస్యేంటో మొదట్నుంచి చెప్పమన్నాడు. అప్పుడర్థమైంది, బాక్సులోనే కాదు, మీ ఆఫీసులో కూడా చిట్టా లేదని. ఎవరితో ఎంతవరకు చెప్పానో ఎక్కడా గుర్తుండదు, ప్రతి ఫోనుకీ కథ సున్నా నుంచే. అంతా విని, వారంటీ పోయిన వారమే అయిపోయిందన్నాడు. మొదటి ఫోను చేసిన రోజున ఉందండీ బాబూ!

2014 నుంచి మీ సరుకే కొంటున్నాను. నా మాట మీద రావులపాలెంలో, ముమ్మిడివరంలో, రాజోలులో స్టూడియోలవాళ్లు కొన్నారు. మా బావమరిదీ కొన్నాడు, ఇప్పుడు ఎదురుపడితే ఆ పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. పాత కస్టమరంటే మీకు ఇంత చులకనా?

చిట్టా అంటే ఏంటో తెలిసిన మనిషి ఒక్కరు మీ దగ్గరుంటే ఆ ఒక్కరితో మాట్లాడించండి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం, అక్కడైతే కథ ఒక్కసారి చెబితే రాసుకుంటారు. ఈలోగా ఇంకో పని కూడా చేస్తాను. ఆల్బం ఏదని రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తున్న పెళ్లికూతురి తండ్రికి ఇకనుంచి మీ నంబరిస్తాను. ఆయనది ముక్తేశ్వరం. ఎంతసేపు హోల్డులో పెట్టినా లైను వదలడు.

ఇట్లు,
మీ పాత కస్టమరు