కొంగు కుచ్చులు

మైలాపూర్,
ఆదివారం సాయంత్రం

ఒసేయ్ రాజ్యం,

మొన్న రెండు నిమిషాల్లోనే ఫోను పెట్టేశావు, "ఆయనకు మందులేళయింది" అంటూ. నీ గొంతు విన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయలేవుగా!

నేను రోజూ పొద్దున్నే నాగేశ్వరరావు పార్కుకు పోతున్నా. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరేనే అది. మోకాళ్ళకు ఆయన అమృతాంజనం రాసుకుని, ఆయన పార్కులోనే నడుస్తున్నానన్నమాట. తెలుగువాళ్ళం నలుగురం జతయ్యాం. నడిచేది మూడు చుట్లు, కూచుని కబుర్లాడేది గంట. అందులో ఒకావిడ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. టెలోమియర్ల సంగతి ఆవిడే చెప్పింది.

పోగులు ఊడిపోకుండా చీర కొంగుకు కుచ్చులు వేస్తాం కదా, క్రోమోజోముల చివరా అలాంటివే ఉంటాయట. కణం రెండుగా చీలినప్పుడల్లా కాస్త అరుగుతాయి. మరీ పొట్టివైపోతే ఆ కణం ఇక చీలదు. అరిగినదాన్ని మళ్ళీ అల్లే ఎంజైమును ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఆవిడ శిష్యురాలు కరోల్ గ్రైడర్ కనిపెట్టారు. 1984 క్రిస్మస్ రోజున శిష్యురాలు ల్యాబుకెళ్తే దాని జాడ కనబడిందట. పండగపూట కూడా పనికి సెలవుండదు చూడు ఆడవాళ్ళకి! 2009లో ఇద్దరికీ, జాక్ షోస్టాక్‌తో కలిపి, నోబెల్ ఇచ్చారులే.

ఆ బ్లాక్‌బర్నే, ఎలిస్సా ఎపెల్ అనే సైకాలజిస్టుతో కలిసి, అమెరికాలో 58 మంది తల్లుల రక్తం చూసింది. 2004లో అచ్చయింది. వాళ్ళలో 39 మంది దీర్ఘరోగాలున్న పిల్లల్ని సాకుతున్నవాళ్ళు. చాకిరీ ఏళ్ళు పెరిగినకొద్దీ కుచ్చులు పొట్టిగా ఉన్నాయట. బాగా ఒత్తిడిగా ఉందన్నవాళ్ళ కణాలు, అంత లేదన్నవాళ్ళ కంటే కనీసం పదేళ్ళు ముసలివిగా తేలాయి.

వినగానే మా అత్తగారి ఆఖరి ఆరేళ్ళు కళ్ళముందు తిరిగాయే. రాత్రి రెండింటికి ఆవిడ దుప్పటి మార్చి, ఇక పడుకోబుద్ధి కాక, వంటింట్లో నిలబడే కాఫీ తాగేదాన్ని. వచ్చినవాళ్ళందరూ "ఆవిడకెలా ఉంది?" అనేవాళ్ళు. నువ్వొక్కదానివే "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

అయినా ఆ తల్లులు మనకంటే బాగా చిన్నవాళ్ళు, పట్టుమని అరవైమంది లేరు. ఒత్తిడే అరగదీసిందని కూడా తేల్చలేం, రెండూ జతగా కనిపించాయంతే అంది జువాలజీ ఆవిడ. బ్రిటన్‌లో మాత్రం 1,122 మంది ఆడవాళ్ళను చూశారట: రోజుకో సిగరెట్ పెట్టె చొప్పున 40 ఏళ్ళు కాలిస్తే, ఆ అరుగుదల 7.4 ఏళ్ళ వయసుతో సమానమట. మా ఆయనకు చదివి వినిపిస్తే, "అది ఆడవాళ్ళ లెక్కేగా" అని బాల్కనీలోకి పోయారు, అగ్గిపెట్టెతో సహా.

సరే, నెలాఖరున పినాకినిలో వస్తున్నా. పదిహేను రోజులుంటా. వద్దనకు, టికెట్టు తీసేశా. అన్నయ్యగారి మందుల వేళలు కాగితమ్మీద రాసి ఫ్రిజ్‌కు అంటించు. పక్క మార్చడం నాకెవరూ నేర్పక్కర్లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి చెప్పులేసుకుని నువ్వు బయటపడు. చెల్లెలింటికో, గుడికో, నీ ఇష్టం. ఏడింటిలోపు వచ్చావో, తలుపు తియ్యను.

నీ
సుశీల