నా ఎస్‌టీఎస్‌ని గట్టెక్కించిన వాళ్ళకి

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నా ఎస్‌టీఎస్ రిపోర్టును ఆమోదించింది, సర్టిఫికెట్ వచ్చింది. అభినందిస్తున్న అందరికీ ధన్యవాదాలు. కానీ పని నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు. పేర్లు వద్దన్నారు కాబట్టి వరసలతోనే సరిపెడుతున్నాను.

తెలియనివాళ్ళకి: ఎంబీబీఎస్ పిల్లలు రెండు నెలల్లో సొంతంగా చిన్న పరిశోధన చేసేందుకు ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ పథకమే ఈ ఎస్‌టీఎస్. ఒడిశాలోని పర్లాకిమిడిలో బీపీ ఉన్నవాళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అన్నది నేను తీసుకున్న విషయం.

మొదటి నమస్కారం బరంపురంలో మా కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్‌కి. ఎంతమందిని అడగాలో తెలియక టెన్షన్ పడుతుంటే పాత ప్రశ్నపత్రం వెనక ఫోర్ పీక్యూ బై ఎల్ స్క్వేర్ వేసి చూపించారు. పి అంటే మాత్రలు సరిగ్గా వేసుకునేవాళ్ళు నూటికి ఎంతమంది ఉంటారన్న అంచనా, క్యూ అంటే మిగిలినవాళ్ళు, ఎల్ అంటే అంచనా ఎంత శాతం అటూ ఇటూ అయినా ఫరవాలేదన్నది. పి 50, క్యూ 50, ఎల్ 5 అయితే 400 మంది. "ఒక్కదానివి ఏం తిరుగుతావు, ఎల్ 10 పెట్టుకో, 100 చాలు. అంచనా అంత కచ్చితంగా ఉండదన్న మాట రిపోర్టులో నువ్వే రాయి" అన్నారు.

మా వైపు తెలుగువాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, చాలామంది బడిలో చదివింది ఒడియా. అందుకని సమ్మతి పత్రం రెండు లిపుల్లోనూ కావాల్సొచ్చింది. ఒడియాది పీజీ అన్నయ్య రాశారు, తెలుగుది మా వీధి మాస్టారు. చదవలేని వాళ్ళకి సాక్షి ఎదుట చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవడం కూడా అన్నయ్యే దగ్గరుండి నేర్పారు.

ఇక ఆశా అక్క. ఆవిడ రుణం తీరేది కాదు. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అంటే ఎవరైనా ఊఁ అనే అంటారమ్మా. చాలామందికి మధ్యమధ్యలో తప్పుతుంటాయి, కిందటి వారం మీకేమైనా తప్పాయా అని అడుగు. తరవాత మాత్రల షీటు చూపించమను" అంది. పైలట్‌లోనే, అంటే అసలు సర్వేకి ముందు చేసే చిన్న ట్రయల్‌లోనే, ఒక మామ్మ దేవుడి గూట్లోంచి షీటు తీసింది. నెలాఖరుకి అయిపోవాల్సిన దాంట్లో ఇంకా నాలుగు మాత్రలున్నాయి. "శనివారం ఉపవాసం కదే, ఖాళీ కడుపున ఎలా మింగను?" అంది. నా ప్రశ్నావళిలో ఉపవాసం ఊసే లేదు! ఆ ప్రశ్న చేర్చి, మార్పుకి మళ్ళీ ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకున్నాం. తరగతిలో ఎంత విన్నా ఇది తట్టేది కాదు.

తలుపు తీసిన ప్రతి ఇంటికీ దణ్ణం. టీ తాగాక అరగంట దాకా బీపీ చూడకూడదు, మన ఇళ్ళలోనేమో కూర్చోగానే గ్లాసు చేతికొస్తుంది. ముందు బీపీ, తరవాత టీ అని మా అత్త వీధంతా చాటింపు వేసింది.

జూనియర్లూ, ప్రశ్నావళి రెండు భాషల్లోనూ ఉంది, అడిగితే ఇస్తాను. డేటా మాత్రం అడగకండి. ఎవరు మాత్ర మానేశారో ఆ వీధిలో ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను.