తిమింగలాల వేట ఓడ తొలి పోరు

సంపాదకులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధ నౌకలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ అన్నీ పెద్ద ఓడల కబుర్లే! నార్వే వాళ్ల ‘పోల్ 3’ ఊసే లేదు.

1926లో తిమింగలాల వేటకు కట్టిన 214 టన్నుల బుల్లి ఓడ అది. నౌకాదళం దాన్ని తీసుకుని, ఒకే ఒక్క 76 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించి, ఓస్లో ఫ్యోర్డ్ (నేలలోకి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ) ముఖద్వారం దగ్గర కాపలా పెట్టింది. సిబ్బంది 15 మంది. 1940 ఏప్రిల్ 8 రాత్రి చీకట్లో గుర్తు తెలియని ఓడలు కనిపించాయి. ‘పోల్ 3’ హెచ్చరికగా గుండు పేల్చింది, ‘ఆల్బట్రాస్’ అనే జర్మన్ టార్పెడో పడవను ఢీకొంది, పరాయి ఓడలు వస్తున్నాయని ఒడ్డుకు కబురందించింది. లొంగిపొమ్మంటే కెప్టెన్ లేఫ్ వెల్డింగ్ ఓల్సెన్ ససేమిరా అన్నాడు. మెషిన్‌గన్ తూటాలకు కాళ్లు ఛిద్రమై, చివరికి ఆ చల్లటి నీళ్లలోనే మునిగిపోయాడు. నార్వేపై జర్మనీ చేసిన ఆ దండయాత్రలో నార్వే తరఫున తొలి మృతుడు ఆయనే. మర్నాడు తెల్లవారుజామున ఓస్కార్స్‌బోర్గ్ కోట ఫిరంగులు, టార్పెడోలు ‘బ్లూషర్’ అనే జర్మన్ యుద్ధనౌకను ముంచాయి. అందరికీ గుర్తున్నది అదే.

వేట ఓడ యుద్ధానికి పనికిరావడం వింతేం కాదు. తిమింగలాన్ని తరమాలంటే చప్పున మలుపు తిరగాలి, ఎంత అలనైనా తట్టుకోవాలి. బ్రిటన్ ‘ఫ్లవర్’ తరగతి కార్వెట్లకూ (చిన్న కాపలా యుద్ధనౌకలు) ‘సదరన్ ప్రైడ్’ అనే వేట ఓడే నమూనా. ఆ తరగతి కార్వెట్లు రాయల్ ఇండియన్ నేవీలోనూ ఉండేవి: అస్సాం, గోండ్వానా, మహరట్టా, సింధ్. వాటి గురించి ఒక వ్యాసం వేయించగలరా?

– ఓ పాఠకుడు, విశాఖపట్నం