సంతృప్తి కాదు, లెక్క అడగండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారికి,

పథకాల మీద జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ప్రభుత్వం చేయించే ఐవీఆర్‌ఎస్ ఫోన్ల (రికార్డు చేసిన గొంతు ప్రశ్న అడిగితే మనం అంకె నొక్కి జవాబిచ్చేవి) గురించి ఈ ఉత్తరం. అడగడం మంచిదే. చిక్కంతా అడిగే తీరులో ఉంది.

"సంతృప్తిగా ఉంటే ఒకటి, లేకుంటే రెండు నొక్కండి" అంటే పింఛను తీసుకునే అవ్వ ఏం నొక్కుతుంది? ఒకటే. నెలకు 4,000 రూపాయలిచ్చే సర్కారు ఆమె నంబరుకే ఫోన్ చేసి అడుగుతోంది. రెండు నొక్కితే పేరు తీసేస్తారేమోనని ఆమె భయం. భయం ఉత్తదే కావచ్చు గానీ, మీ ముందుకొచ్చే శాతాల్లో అదీ కలిసే వస్తుంది.

"లంచం అడిగారా?" అన్నదీ అంతే. నోరు తెరిచి అడిగేవాళ్లు ఎందరుంటారు? చిల్లర లేదంటూ వంద తగ్గించి ఇస్తారు. లేదా అవ్వే మొహమాటపడి టీ ఖర్చులకు ఉంచుకోమంటుంది. అడిగారా అంటే లేదనే చెబుతుంది, అది అబద్ధమూ కాదు. దాని బదులు "ఈ నెల మీ చేతికి ఎంత వచ్చింది? అంకెలు నొక్కండి" అని అడిగి చూడండి. 3,900 అని వస్తే సంగతి అర్థమైపోతుంది. ఆమెకూ ఒకరి మీద చాడీ చెప్పినట్టు ఉండదు.

దీపం పథకం గ్యాస్ సిలిండర్‌కూ ఇదే పద్ధతి. "డెలివరీ బాయ్ అదనంగా అడిగాడా?" అని కాకుండా "మొత్తం ఎంత ఇచ్చారు?" అనండి. బిల్లు ఎంతో కంప్యూటర్‌లో ఉండనే ఉంది, తీసివేత అదే చేసుకుంటుంది. మూడో అంతస్తుకు మోశాడని ఇష్టంగా ఇచ్చిన ముప్ఫై కూడా లెక్కలోకి వస్తుందంటారా? రానివ్వండి. వీధి వీధంతా అదే ముప్ఫై ఇస్తుంటే అది బక్షీసు కాదు, రేటు.

ప్రభుత్వాసుపత్రి విషయంలో వైద్యాన్నీ సిబ్బంది ప్రవర్తననూ ఒకే ప్రశ్నలో కలపకండి. డాక్టరు బాగా చూసి, వార్డులో ఎవరో కసురుకుంటే మనిషి ఏ అంకె నొక్కాలి? "రాసిన మందుల్లో ఎన్ని బయట కొన్నారు?" అని ఒక్కటి అడిగితే చాలు, ఎక్కడ మందులు అందడం లేదో తెలుస్తుంది.

ఇంకో మాట. బటన్ల ఫోన్ వాడేవాళ్లు అంకె నొక్కాలంటే దాన్ని చెవి దగ్గర్నుంచి తీయాలి, ఈలోగా తర్వాతి ప్రశ్న సగం అయిపోతుంది. కాస్త ఆగి అడగాలి. పైగా చాలాసార్లు అవ్వ పేరు మీదున్న నంబరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకుది. "పింఛను తీసుకున్నది మీరేనా?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. చివర్లో బీప్ తర్వాత అర నిమిషం మాట్లాడనివ్వండి. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళం యాసలోనే చెబుతాడు, విని రాసుకునేవాళ్లను పెట్టండి.

ఈ శాతాలతో కింది ఉద్యోగికి మార్కులు మాత్రం వేయకండి. వేస్తే "ఫోనొస్తే ఒకటి నొక్కు పెద్దమ్మా" అని పింఛను చేతిలో పెట్టేటప్పుడే చెప్పి వెళతాడు.

ముందు ఒక్క మండలంలో, ఒక్క నెల, పాత ప్రశ్న సగం మందికీ కొత్తది మిగతా సగానికీ వేయించండి. రెండు ఫలితాలనూ పక్కపక్కనే పెట్టి, ప్రశ్నల పాఠంతో సహా బయటపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ ఫోన్లకు జవాబు చెప్పే ఒక పౌరుడు