మాస్టారి జేబులో మరక: మీ అక్రిలిక్ కడ్డీలపై ఫిర్యాదు

కంచరపాలెం,
విశాఖపట్నం.

అమ్మకాల విభాగం మేనేజరు గారికి,

విషయం: ‘కాస్ట్’ (అచ్చులో పోసి చేసినది) అని చీటీ అంటించి పంపిన 16 మిల్లీమీటర్ల అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) కడ్డీల గురించి రెండో లేఖ.

అయ్యా,

మీ కడ్డీలతో చేసిన పెన్నులు పగిలి ఇంకు కారుతోందని రాసిన నా మొదటి లేఖకు మీ దగ్గర నుంచి మూడు వాక్యాల జవాబు వచ్చింది. సరుకులో లోపం లేదట. అక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడిస్తే పగుళ్లు వస్తాయట. వాడే పద్ధతి సరిచూసుకోవాలట. 34 ఏళ్లు ఓడల మరమ్మతు పనిలో లేత్ ముందు నిలబడినవాణ్ణి. మొదటి రెండు వాక్యాలనూ ఓర్చుకున్నాను గానీ మూడోది గొంతు దిగలేదు. అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఫౌంటెన్ పెన్నులు చేస్తున్నాను. ఒళ్లంతా నల్ల ఎబొనైట్, మధ్యలో 12 మిల్లీమీటర్ల మేర గాజులా కనిపించే అక్రిలిక్ పట్టీ. దాన్ని ఇంకు కిటికీ అంటాం. ఎబొనైట్ అంటే గంధకం దండిగా కలిపి గట్టిపరచిన రబ్బరు. రాజమండ్రి కలాలకు పేరు తెచ్చిందీ అదే. చేతికి వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది, చెమటకు జారదు. కానీ లోపల ఇంకు ఎంతుందో చూపించదు. కిటికీ పెట్టడం నేను కనిపెట్టిన వింతేమీ కాదు. జర్మనీలో పెలికాన్ వాళ్లు 1929లోనే ఇంకు కనిపించే కలం అమ్మారు.

కిటికీ సోకు కోసం కాదని మీకు చెప్పాలి. నా పెన్నుల్లో కార్ట్రిడ్జ్, అంటే ఇంకు నింపిన విడి గొట్టం, ఉండదు. డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకే ఇంకు పోస్తాం. ఇంకు అడుగుకు దిగేకొద్దీ పైన గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు తోస్తుంది. రాస్తూ రాస్తూ ఉండగా పాళీ కింద నుంచి టప్పున ఒక బొట్టు కాగితం మీద పడుతుంది. మూడో వంతుకు దిగగానే మళ్లీ నింపుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇంకు ఎంతకు దిగిందో కనపడడానికే కిటికీ. బొట్టును ఆపడానికి పెట్టిన చోటు నుంచే ఇంకు కారితే, ఇక నేను చేసింది కలమా, కుళాయా?

మీ కడ్డీలతో 23 పెన్నులు చేశాను, ఒకదానికి గొట్టమంతా అక్రిలిక్, మిగతావాటికి కిటికీలు. మూడు నెలల్లో తొమ్మిది పెన్నులు తిరిగి వచ్చాయి. మొదటిది ఒక తెలుగు మాస్టారిది. పదవీ విరమణ రోజున తోటి ఉపాధ్యాయులు చందాలు వేసుకుని చేయించి ఇచ్చిన కలం. సింహాచలం కొండకు వెళ్లిన రోజున తెల్ల చొక్కా జేబులో కారింది. ఆయన ఫోన్ చేసి కోప్పడలేదు. “ఇంకు మరక దేనితో పోతుందండీ?” అని మాత్రం అడిగారు. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ పెన్ను విప్పి భూతద్దం కింద పెట్టాను. కిటికీ మధ్యభాగం అద్దంలా ఉంది. రెండు చివర్లా, ఎబొనైట్‌లోకి బిగించడానికి కోసిన మరల దగ్గర, ప్రతి గాడి అడుగు నుంచీ వెంట్రుకల్లాంటి గీతలు లేచి ఉన్నాయి. వెలుతురుకు పట్టి తిప్పితే వెండిపోగుల్లా మెరిశాయి. అందులో ఒకటి మాత్రం మెరవలేదు, నీలంగా ఉంది. ఇంకు బయటికి దారి చేసుకున్నది దాని గుండానే.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది, దాచను. అచ్చులో పోసి గట్టిపరచిన కాస్ట్ అక్రిలిక్‌ను లేత్ మీద తిప్పితే తురుము పొడిపొడిగా రాలుతుంది. కరిగించి రంధ్రం గుండా తోసి తీసిన ఎక్స్‌ట్రూడెడ్ సరుకైతే మెత్తబడి, పోగులుగా సాగి టూలుకు చుట్టుకుంటుంది. మీ మొదటి కడ్డీ పట్టగానే పోగులే వచ్చాయి. టూలు మొద్దుబారిందేమోనని సానపెట్టుకున్నాను. చేతికి తెలిసింది, నేను వినలేదు. మీ చీటీని నమ్మాను.

ఇక మీ స్పిరిట్ సంగతి. స్పిరిట్ అక్రిలిక్‌కు పడదని నాకు తెలుసు, నా షెడ్డులో సబ్బునీళ్లు తప్ప మరొకటి వాడను. మీరు అన్నారు కాబట్టి ఈసారి ఒక సీసా కొన్నాను. మరో చోట కొన్న పాత కాస్ట్ కడ్డీ నుంచి ఒక ముక్క, మీ కడ్డీ నుంచి ఒక ముక్క తీసుకుని, ఒకే టూలుతో, ఒకే వేగంతో, ఒకే కొలత మరలు కోసి రెంటినీ ఒకే గిన్నెలో ముంచాను. మీ ముక్క మరల చుట్టూ ఐదు నిమిషాలు తిరక్కుండానే సాలెగూడు అల్లుకుంది. పాత ముక్క గంట తర్వాత కూడా అలాగే ఉంది. తోసి తీసినప్పుడు లోపల ఒత్తిడి బిగుసుకుపోయిన అక్రిలిక్ ఇలాగే బయటపడుతుంది. స్పిరిట్ పగుళ్లు పుట్టించలేదు, అవి ఎందుకు పుడుతున్నాయో చూపించింది.

కిటికీ బిగించేటప్పుడు పెట్టే జిగురు వల్ల అంటారేమో. తిరిగి వచ్చిన వాటిలో ఒకటి గొట్టమంతా అక్రిలిక్‌తోనే చేసిన పెన్ను. కిటికీ లేదు కాబట్టి దానిలో జిగురు చుక్క కూడా లేదు. అదీ మరల దగ్గరే పగిలింది.

ఎక్స్‌ట్రూడెడ్ కడ్డీ పనికిరాని సరుకని నేను అనడం లేదు. దాని పనులు దానికి ఉన్నాయి, ధర కూడా తక్కువే. అదేమిటో చెప్పి అమ్మితే కొనాలో వద్దో నేను చూసుకునేవాణ్ణి. కాస్ట్ ధర తీసుకుని దాన్ని పంపడమే నా ఫిర్యాదు.

10 కడ్డీలకు 4,800 రూపాయలు, రవాణాకు 310, మొత్తం 5,110 రూపాయలు తిరిగి ఇవ్వండి. తొమ్మిది పెన్నులను బాగుచేయడానికి ఒక్కోదానికి 350 చొప్పున 3,150 ఇవ్వండి. బయట ఉన్న మిగతా 14 పెన్నులను నేనే వెనక్కి పిలిపించి మారుస్తున్నాను, దానికి మిమ్మల్ని పైసా అడగను. కానీ ఆ కడ్డీలు కాస్ట్ కావని ఒక కాగితం మీద రాసి పంపండి. కొన్నవాళ్లకు చూపించుకోవాలి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని మీ వకీలు అనవచ్చు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకునేవాడికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉంది. కేసు నేను ఉండే ఊళ్లోనే వేయవచ్చని కూడా అదే చట్టం చెబుతోంది. విశాఖ రావడానికి మీకు రైళ్లకు కొదవ లేదు.

కొనుగోలు రసీదు నకలు, మీ చీటీ ఫోటో, మాస్టారి పెన్నులోంచి తీసిన కిటికీ ఈ లేఖతో పంపుతున్నాను. మీ కడ్డీ నుంచి కోసి, ఇంకా దేనిలోనూ ముంచని ముక్క ఒకటి వేరే పొట్లంలో ఉంది. స్పిరిట్ మీరే కొనుక్కోండి.

భవదీయుడు,
(సంతకం)