మాత్రతో పాటు గ్లాసెడు నీళ్లు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. జ్వరాల కాలం మొదలైతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు మా దగ్గర విపరీతంగా అమ్ముడవుతాయి. మొటిమలకూ అదే మందు రాస్తారు కాబట్టి కాలేజీ పిల్లలు ఏడాది పొడవునా కొంటారు. పూటకు ఎన్ని వేసుకోవాలో అందరూ చెబుతారు, ఎలా మింగాలో మాత్రం చెప్పరు.

నిరుడు వానాకాలంలో, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయి అర్ధరాత్రి గుక్కెడు నీళ్లతో ఈ క్యాప్సూల్ మింగి వెంటనే పడుకుంది. తెల్లవారేసరికి రొమ్ము ఎముక వెనుక భరించలేని మంట. ఉమ్మి మింగినా నొప్పే. గుండెపోటేమోనని తల్లిదండ్రులు హడలిపోయారు. ఈసీజీలో ఏ దోషమూ లేదు. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక (గొంతు నుంచి కడుపుకు తిండి వెళ్లే గొట్టం) మధ్యలో పుండ్లు కనిపించాయి.

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని దాన్ని ఆనుకుని పోయే చోట కాస్త ఇరుకుగా ఉంటుంది. నీళ్లు చాలకపోయినా, మింగగానే పడుకున్నా మాత్ర అక్కడే అతుక్కుని కరుగుతుంది. కరిగిన డాక్సీసైక్లిన్‌కు ఆమ్ల గుణం ఉంది, లోపలి పొరను కాల్చేస్తుంది. ఐరన్, పొటాషియం క్లోరైడ్, ఐబుప్రోఫెన్ మాత్రలతోనూ ఈ ప్రమాదం ఉంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు వారానికొకటి ఇచ్చే అలెండ్రొనేట్‌తో మరింత జాగ్రత్త అవసరం. దాన్ని పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం 30 నిమిషాలు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. చాయ్‌తో మింగే అమ్మలను రోజూ చూస్తున్నాను, మనసు ఊరుకోదు.

ఆ అమ్మాయికి డాక్టరు మందు మార్చి, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, పుండు మీద పొరలా పరుచుకునే సుక్రాల్ఫేట్ సిరప్ ఇచ్చారు. కొన్నాళ్లు మెత్తని, చల్లారిన తిండి తిన్నది. పూర్తిగా కోలుకుంది.

ఇలాంటి మంటలన్నిటికీ మన దగ్గర ఒకటే పేరు, గ్యాస్. నిజానికి ఎక్కువ మందిలో అన్నవాహిక వాపు కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్లే వస్తుంది. దానికి పాంటోప్రజోల్ వంటి మందు తిండికి అరగంట ముందు వేసుకోవాలి, సాధారణంగా 8 వారాల దాకా వాడమంటారు. మంట పుట్టినప్పుడు ఒకటి మింగి మానేస్తే పుండు మానదు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లకు ఫంగస్ వల్ల కూడా అన్నవాహిక వాచవచ్చు. దాని మందు వేరు. ముద్ద గొంతు దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా మా దుకాణానికి రావద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఛాతీ నొప్పితో పాటు చెమటలు పడితే ముందు గుండె పరీక్షే.

మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. రద్దీలో అంత తీరిక దొరకదని తోటి దుకాణదారులు అంటారు. మందు కవరు మీద పెన్నుతో ‘గ్లాసెడు నీళ్లు, అరగంట పడుకోవద్దు’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? వరంగల్, హనుమకొండ, కాజీపేట దుకాణదారులందరూ ఈ పని చేయాలని కోరుతున్నాను. జ్వరాల సీజను మొదలయ్యే ముందే మీ ఆరోగ్యం పేజీలో ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో వేయండి.

— ఒక ఫార్మసిస్టు, హనుమకొండ