సినిమాకు ఇచ్చిన కథ, రాని డబ్బు: సినిమాటోగ్రఫీ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి నమస్కారాలతో,

ఒక ఆదివారం అనుబంధంలో అచ్చయిన నా కథను సినిమాగా తీస్తామని 2014లో ఒక నిర్మాత కబురు పంపితే, హైదరాబాదులోని ఆయన ఆఫీసుకు వెళ్లి, ఇచ్చిన కాఫీ చల్లారేలోగా వంద రూపాయల స్టాంపు పేపరు జతచేసిన ఒప్పందం మీద సంతకం పెట్టి, పదిహేను వేల చెక్కుతో బస్సెక్కి వరంగల్ చేరాను. ఆరు పేజీల ఆ ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. ఇప్పుడున్న, ఇకముందు రాబోయే మాధ్యమాలన్నిటిలోనూ కథ మీద హక్కులు శాశ్వతంగా నిర్మాతవేనని అందులో ఉన్నట్టు తర్వాత ఒక వకీలు మిత్రుడు చదివి చెప్పాడు. షూటింగ్ మొదలయ్యాక ఇస్తామన్న మిగతా సొమ్ము ఇవాళ్టికీ రాలేదు. సినిమా మాత్రం శాటిలైట్‌కూ, హిందీ డబ్బింగ్‌కూ, ఓటీటీకీ అమ్ముడుపోయింది. టైటిల్స్‌లో నా పేరు ఉంది. మా మనవరాలు ఫోన్‌లో ఆపి చూపిస్తే గాని నాకు కనబడలేదు.

చట్టం లేక ఇలా జరగలేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాలో చేరిన రచనను థియేటర్లో ఆ సినిమాతోపాటు ప్రదర్శించడం మినహా మరే రూపంలో వాడుకున్నా, ఆ రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది. వారసులకో, రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సంఘానికో తప్ప ఆ వాటాను ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు, రాసిచ్చినా చెల్లదు. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాగా వచ్చిన రోజుల్లో రాబడి దాదాపుగా థియేటర్ నుంచే గనుక, హక్కులకు ఒకేసారి ఇంత అని ఇవ్వడంలో కొంత అర్థముంది. రాబడి దారులు ఇన్ని అయ్యాక కూడా ఒప్పందం అక్కడే ఆగిపోయింది. కోర్టుకు వెళ్లవచ్చు కదా అంటారు. మరో కథ అమ్ముకోవాలనుకునే రచయిత నిర్మాత మీద దావా ఎలా వేస్తాడు?

కాపీరైట్ కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిదని మీ అధికారులు జవాబు రాయవచ్చు. నిజమే. అయితే విడుదలకు ముందు టికెట్ ధర పెంచుకోవడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే, గద్దర్ పేరిట సినిమా అవార్డులు ఇచ్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే. ఆ దరఖాస్తులతోపాటు, కథ బయటి రచయితదైతే, అతనితో చేసుకున్న ఒప్పందాన్నీ, తెలుగులో దాని ప్రతినీ, చెల్లింపు రసీదునూ జతచేయాలన్న ఒక్క నిబంధన పెట్టమని కోరుతున్నాను. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఖజానాకు రూపాయి ఖర్చు లేదు. రసీదు లేని నిర్మాతకు మాత్రం కొంచెం ఇబ్బంది కలుగుతుంది.

నా ఒప్పందం నకలునూ, చెక్కు నకలునూ మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. వాటి మీద నిర్మాత పేరును నల్లసిరాతో కొట్టేశాను. నా దగ్గర ఇంకో రెండు కథలున్నాయి.

ఇట్లు,
వరంగల్ నుంచి ఒక కథారచయిత